మౌసు కదిలితేనే మేడ

ఇంటి దస్తావేజులు బీరువాలో ఉంటాయి. పెళ్ళి ఆల్బమ్ టీవీ కింద సొరుగులో ఉంటుంది. ఇంటి ప్లాను మాత్రం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. గృహప్రవేశం అయిన మర్నాటి నుంచి దానితో పనేముంటుంది? చుట్టచుట్టి అటక మీద పడేస్తారు. చెదపురుగులకు గోడ గీత అయినా, పునాది గీత అయినా ఒకటే రుచి. ఇరవై ఏళ్ళ తర్వాత డాబా మీద మరో అంతస్తు వెయ్యాలనుకున్నప్పుడు గుర్తొస్తుంది... 'అవునూ, ఈ పిల్లర్ల కింద అప్పట్లో ఏం వేయించాం?' అని.

సరిగ్గా ఈ ప్రశ్నే 2018 ఎండాకాలంలో తెనాలిలోని మా పెదనాన్న ఇంటి గుమ్మం తొక్కింది. దానికి జవాబు ఒక పాత మౌసు తోక చివర ఉందని అప్పటికి మాలో ఎవరికీ తెలీదు.

పెదనాన్న ఇంజనీరు కాదు, డ్రాఫ్ట్స్‌మన్. ఇంజనీరు లెక్కకట్టి ఇచ్చిన కొలతలను మేస్త్రీ చదవగలిగే బొమ్మగా గీసిపెట్టడం ఆయన పని. ముప్ఫై అయిదేళ్ళు అదే పని చేశారు. 1995 దాకా బల్ల, టీస్క్వేరు, ట్రేసింగ్ కాగితం. ఆ తర్వాత డాస్ మీద నడిచే ఒక డ్రాయింగ్ ప్రోగ్రామ్ కొన్నారు. దాన్ని చేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ ప్రోగ్రామ్‌లో దాచిన బొమ్మల్ని మరే ప్రోగ్రామూ తెరవలేదు. అయినా ఆయన చెయ్యి దానికే అలవాటు పడింది. రిటైరయ్యేదాకా దాన్ని వదల్లేదు.

'అన్నానేమో... చూడాలి'

వచ్చినావిడ రెండు వీధుల అవతలుంటారు. వాళ్ళ డాబాకి 1997లో ప్లాను గీసింది పెదనాన్నే. ఆవిడ భర్త పోయి నాలుగేళ్ళయింది. కొడుకులిద్దరూ ఒకే చోట ఉండాలని ఆవిడ కోరిక. కింద పెద్దవాడు, పైన మూడు గదులు వేసుకుని చిన్నవాడు. మేస్త్రీ అప్పుడే ఇటుకకి బయానా ఇమ్మంటున్నాడు.

'అన్నయ్యగారూ, పైకి కూడా లేపుకోవచ్చని ఆ రోజు మీరే అన్నారు గదా?' అని అడిగారావిడ.

పెదనాన్న వెంటనే అవుననలేదు, కాదనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

'అన్నానేమోనమ్మా. కానీ ఏ పిల్లర్ల గురించి అన్నానో చూడాలి. ఇరవయ్యొక్క ఏళ్ళ కిందటి మాట. జ్ఞాపకం మీద స్లాబు వెయ్యకూడదు.'

వాళ్ళ దగ్గరున్న బ్లూప్రింటు చెదలపాలైంది. లెక్కలు కట్టిన ఇంజనీరుగారు కాలం చేశారు. అనుమతి కోసం ఇచ్చిన ప్లానులో గదులూ గుమ్మాలూ ఉన్నాయిగానీ, పునాదుల వివరం లేదు. మొత్తం పద్నాలుగు పిల్లర్లు. తవ్వి చూద్దామంటే సగం పిల్లర్లు ఇంటి మధ్యలో ఉన్నాయి, గచ్చు పగలగొట్టాలి. తవ్వినా కాంక్రీటు వెడల్పు తెలుస్తుందేగానీ, లోపల ఎన్ని ఊచలు, ఎంత లావువి వేశారో కనపడదు. ఆ వివరమంతా ఒకే ఒక్క చోట ఉంది... పెదనాన్న పాత కంప్యూటర్‌లోని ఫైల్లో.

ఆ కంప్యూటర్ 2009లోనే చచ్చిపోయింది. అయితే అంతకు ముందు సంవత్సరమే మా అన్నయ్య, అంటే పెదనాన్నగారబ్బాయి, ముందుజాగ్రత్తగా దాని హార్డ్‌డిస్కులో ఉన్నదంతా ఒక సీడీ మీదకి ఎక్కించి పెట్టాడు. అన్నయ్య ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది అతను వదిలివెళ్ళిన లైనక్స్ కంప్యూటర్. సెలవులకి వెళ్ళిన నన్ను చూపించి మా దొడ్డమ్మ, 'అది పేపర్లో పని చేస్తుంది గదా, రోజూ కంప్యూటర్ల ముందే కూచుంటుంది. చూస్తుందిలెండి' అనేసింది. పేపర్లో పనిచేసేవాళ్ళకి అన్నీ వచ్చని మా ఇంట్లో గట్టి నమ్మకం.

ఒకరి వేషం ఇంకొకరు

డాస్ అంటే తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు. విండోస్ రాకముందు మామూలు కంప్యూటర్లను నడిపింది డాసే. 1981లో వచ్చింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, పక్కనే మిణుకుమిణుకుమనే చిన్న గీత. లైనక్స్ 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. యూనిక్స్ కుటుంబపు పద్ధతుల్లో నడుస్తుంది. ఈ రెంటికీ ఒకరి భాష ఒకరికి రాదు. డాస్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ని లైనక్స్ మీద పెడితే, అరవంవాడి ముందు తెలుగు పద్యం చదివినట్టే.

అందుకే మధ్యలో ఒక వేషగాడు కావాలి. అలాంటి వేషగాడే డోసెము. 1992లోనే పుట్టింది. లైనక్స్ లోపల కూచుని డాస్ ప్రోగ్రామ్‌కి, 'నువ్వు పాత కంప్యూటర్‌లోనే ఉన్నావు, ఇదిగో నీ డిస్కు, ఇదిగో నీ కీబోర్డు, ఇదిగో నీ తెర' అని నమ్మిస్తుంది. తెనాలి నాటకాల ఊరు. పెదనాన్నకి ఈ సంగతి చెప్పగానే అర్థమైపోయింది. 'అంటే లోపలివాడికి తాను నాటకంలో ఉన్నట్టు తెలియకూడదన్నమాట' అన్నారు. అంతకంటే బాగా నేనైతే చెప్పలేను.

అన్నయ్య కంప్యూటర్‌లో డోసెము ముందే ఉంది. సీడీ పెట్టాం. అదృష్టం... చదివింది. ప్రోగ్రామ్ పేరు కొట్టగానే ఆ పాత నీలం తెర వచ్చింది. దొడ్డమ్మ వంటింట్లోంచి వచ్చి, 'అబ్బ, ఎన్నాళ్ళయింది దీన్ని చూసి!' అంది. పదేళ్ళపాటు రాత్రి పదింటి దాకా ఆవిడకి సవతిలా ఉన్న తెర అది.

తెరయితే వచ్చింది. మధ్యలో గీతలు గీసే ప్లస్ గుర్తు కూడా వచ్చింది. కానీ మౌసు ఎంత తిప్పినా ఆ గుర్తు కదలదే! ఫైలు తెరవాలన్నా, పునాదుల పొరని పైకి తేవాలన్నా, కొలత అడగాలన్నా ఆ ప్రోగ్రామ్‌లో అన్నీ మౌసుతోనే. కీబోర్డుతో అయ్యేది ఒక్కటే... బయటికి రావడం.

మౌసుకీ వేషమే

ఇలాంటప్పుడు అందరికీ మొదట వచ్చే అనుమానం మౌసు పాడైందని. కానీ అదే మౌసు లైనక్స్‌లో చక్కగా తిరుగుతోంది. డోసెములోనే అక్షరాలు దిద్దుకునే మరో చిన్న ప్రోగ్రామ్ తెరిచి చూశాం. అందులోనూ బాణం గుర్తు బుద్ధిగా కదిలింది. అంటే మౌసు బాగుంది, డోసెము కూడా బాగానే ఉంది. పెదనాన్న ప్రోగ్రామ్ ఒక్కటే మొహం తిప్పుకుంది.

కారణం వెతికితే తేలిన సంగతి ఇది. డాస్ ప్రోగ్రామ్ మౌసు కబుర్లు తెలుసుకోడానికి రెండు దారులున్నాయి. మొదటిది మర్యాదైన దారి. డాస్‌లో మౌసు డ్రైవర్ అనే గుమాస్తా ఉంటాడు. 'ఇప్పుడు మౌసు ఎక్కడుంది, ఏ బొత్తం నొక్కారు' అని ప్రోగ్రామ్ అతన్ని అడుగుతుంది, అతను చెబుతాడు. డోసెము ఈ గుమాస్తా వేషాన్ని బ్రహ్మాండంగా వేస్తుంది. అసలు మౌసు యూఎస్‌బీ అయినా, మరొకటైనా, లోపలి ప్రోగ్రామ్‌కి తేడా తెలీదు.

రెండోది గుమాస్తాని తోసేసి నేరుగా తీగ దగ్గరికే వెళ్ళే దారి. కొన్ని పాత డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లు ఎవరినీ నమ్మేవి కావు. కంప్యూటర్ వెనక ఉండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులోంచి మౌసు పంపే అంకెల్ని తామే చదువుకునేవి. మా పెదనాన్న ప్రోగ్రామ్ ఆ బాపతు. దాని సెట్టింగుల పేజీలో స్పష్టంగా ఉంది... 'మూడు బొత్తాల మౌసు, కామ్1 పోర్టు' అని. దానికి గుమాస్తా అక్కర్లేదు. తీగే కావాలి.

'ఆ మౌసు మన దగ్గరుందమ్మా' అన్నారు పెదనాన్న.

బిస్కట్ల డబ్బాలోంచి తీశారు. బూడిదరంగు, మూడు బొత్తాలు, అరచేతిలో బరువుగా కూచునే పాతకాలపు సీరియల్ మౌసు. తోక చివర తొమ్మిది రంధ్రాల ప్లగ్గు, రెండు పక్కలా మరలు. అన్నయ్య కంప్యూటర్ పాతది కాబట్టి దాని వెనక సీరియల్ పోర్టు ఇంకా ఉంది. ప్లగ్గు సరిగ్గా సరిపోయింది.

ఈ మౌసు గురించి ఒక మాట చెప్పాలి. మౌసు అనే వస్తువును డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1960ల్లో అమెరికాలో తయారుచేసింది. మొదటిది చెక్క పెట్టె, కింద రెండు చక్రాలు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని అందరి ముందూ నడిపి చూపించారు. మా బూడిదరంగు మౌసులో చక్రాలకు బదులు రబ్బరు పూత బంతి ఉంది. బంతి దొర్లితే లోపల రెండు సన్నటి కడ్డీలు తిరుగుతాయి, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి. వాటి చివర చిల్లుల చక్రాలు. ఆ చిల్లుల్లోంచి వెలుతురు ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టి, ఆ లెక్కని తీగలో పంపిస్తుంది. వేగం సెకనుకి 1200 బిట్లు. పైగా దీనికి విడిగా కరెంటు తీగ లేదు. పోర్టులో సైగల కోసం ఉన్న రెండు తీగల నుంచే తన తిండి తాను దొంగిలించుకుంటుంది!

కింది నుంచి రామ్మా

డోసెము సెట్టింగుల ఫైల్లో ఒక వరస మార్చాలి. 'లోపలివాడు కామ్1 అని అడిగితే, బయటి అసలు పోర్టునే అతని చేతికియ్యి' అని. లైనక్స్‌లో ఆ పోర్టు పేరు టీటీవైఎస్0. ఈ టీటీవై ఏమిటనుకున్నారు? టెలిటైప్ యంత్రాల నాటి ముద్దుపేరు. యంత్రాలు పోయినా పేరు నిలిచింది.

వరస మార్చాం. ప్రోగ్రామ్ నడిపాం. గుర్తు కదల్లేదు. డోసెము రాసుకునే చిట్టాలో చూస్తే 'అనుమతి లేదు' అనుంది. లైనక్స్‌లో ప్రతి వస్తువుకీ ఒక యజమాని, ఒక జట్టు ఉంటాయి. సీరియల్ పోర్టు 'డయలౌట్' అనే జట్టుది. ఫోను తీగ మీద ఇంటర్నెట్‌కి డయల్ చేసిన రోజుల పేరది. మా పేరు ఆ జట్టులో లేదు. చేర్చాం. బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళాం.

ఈసారి గుర్తు కదిలింది! కానీ ఆ కదలిక చూస్తే భయమేసింది. చెయ్యి కుడికి జరిపితే అది ఎగిరి పై మూలకి పోతుంది. ఊరుకుంటే ఊరుకున్నట్టే ఉండి, ఉన్నట్టుండి కిందికి దూకుతుంది. నొక్కని బొత్తం నొక్కినట్టు తెర మీద గీత పడుతుంది. పూనకం వచ్చినట్టుంది.

అక్కడ మూడు అనుమానాలు. మౌసు ముసలిదైపోయింది. సీడీలో ప్రోగ్రామ్ చెడింది. డోసెము వేషం కుదరలేదు. మూడింట్లో ఏదైనా కావచ్చు. ఆవిడ పెద్ద కొడుకు మర్నాడు ఫోన్ చేసి, 'ఇన్ని తిప్పలెందుకండీ, మేస్త్రీ పిల్లర్లు కొట్టి చూశాడు, గట్టిగానే ఉన్నాయన్నాడు' అన్నాడు. బయానాకి గడువు ఆ వారంతో ఆఖరు.

పెదనాన్న కంగారుపడలేదు. పాత సైటు పుస్తకంలో ఖాళీ పేజీ ఒకటి తీశారు.

'గోడ బీటలిస్తే పైన సిమెంటు పూసుకుంటూ పోకూడదు. కింది నుంచి రావాలి. నీ కంప్యూటర్‌కి కింద ఏముంది?' అన్నారు.

'మౌసు. దాని పైన తీగ, పోర్టు. దాని పైన లైనక్స్. దాని పైన డోసెము. ఆ పైన డాస్, ఆఖర్న మీ ప్రోగ్రామ్.'

'అయితే మౌసు దగ్గర మొదలెట్టు. ఒకసారికి ఒకటే మార్చు. ఏం మార్చావో చెప్పు, నేను రాస్తా.'

డోసెము పూర్తిగా మూసేశాం. మౌసుని బోర్లించి, మూత తిప్పి, బంతి బయటికి తీశాం. కడ్డీలకు ఉంగరాల్లా నల్లటి మడ్డి పట్టింది. అగ్గిపుల్లతో గీకాం. ఇది మొదటి మార్పు. ఇప్పుడు లైనక్స్‌ని, 'టీటీవైఎస్0లోంచి ఏమొస్తే అది ఉన్నదున్నట్టు తెర మీద పొయ్యి' అని అడిగాం. మౌసు కదిపితే అంకెలు రాలడం మొదలుపెట్టాయి. చూశారా, మౌసు బతికే ఉంది!

ఒక కుళాయి, రెండు బిందెలు

బతికే ఉందిగానీ మాటలు తెగిపోతున్నాయి. సీరియల్ మౌసు ఇష్టమొచ్చినట్టు మాట్లాడదు. కట్టలు కట్టలుగా పంపుతుంది. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో కట్టకి మూడు బైట్లు. మౌస్ సిస్టమ్స్ అనే కంపెనీ పద్ధతిలో అయిదు. బొత్తాల సంగతి మొదటి బైటులో, కదలిక సంగతి తర్వాతివాటిలో ఉంటాయి. మాకు కనపడుతున్న వరసలో మూడు లేదు, అయిదు లేదు. ఒకసారి రెండు, ఒకసారి ఒకటి, మధ్యలో ఖాళీ. మనిషి మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఎవరో నోరు మూసినట్టు.

మౌసు పంపింది ఎటు పోతోంది? లైనక్స్‌లో ఈ ప్రశ్నకి జవాబు చెప్పే ఆజ్ఞ ఉంది, పేరు ఫ్యూజర్. 'ఈ పోర్టుని ఎవరెవరు తెరిచి పట్టుకున్నారు?' అని అడిగితే పేర్లు చెబుతుంది. అడిగాం. మాతో పాటు ఇంకొకరున్నారు... జీపీఎం!

జీపీఎం అంటే కిటికీల్లేని ఉత్త అక్షరాల తెర మీద కూడా మౌసు వాడుకునేలా చేసే చిన్న సేవకుడు. వెనకాల నిశ్శబ్దంగా నడుస్తుంటాడు. అన్నయ్యకి ఫోన్ చేస్తే విషయం బయటపడింది. పాత కంప్యూటర్ పోయాక కొన్నాళ్ళు ఇదే మౌసుని అతను ఈ లైనక్స్‌కి వాడాడట. అప్పుడు జీపీఎంని పెట్టి, మామూలు కిటికీల తెరకి కూడా మౌసు కబుర్లు అతనే మోసుకెళ్ళేలా ఏర్పాటు చేశాడు. తర్వాత యూఎస్‌బీ మౌసు కొన్నాడు, దీన్ని బిస్కట్ల డబ్బాలో పడేశాడు. సేవకుడికి మాత్రం పని మానమని ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ ఖాళీ పోర్టు దగ్గర కాపలా కాస్తూనే ఉన్నాడు!

ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెడితే ఏమవుతుంది? ఏ చుక్క ఎందులో పడుతుందో ఎవరూ చెప్పలేరు. మౌసు పంపిన బైట్లలో కొన్ని జీపీఎంకి, కొన్ని మాకు. కట్టలోని రెండో బైటు పోయి మూడోది దాని స్థానంలోకి వస్తే, కదలిక కాస్తా బొత్తం నొక్కుడు అయిపోతుంది. ప్రోగ్రామ్‌కి పూనకం అందుకే వచ్చింది. మౌసు ముసలితనం కాదు, సీడీ కాదు, డోసెము కాదు. ఆ మూడింటినీ అనుమానించి ఎంత మార్చినా రోగం కుదిరేది కాదు.

జీపీఎంని ఆపాం. రెండో మార్పు. మళ్ళీ పోర్టు చూస్తే బైట్లు చక్కగా వరస కట్టాయి... మూడేసి. పెదనాన్న లెక్కపెట్టి, పుస్తకంలో '3' అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు.

ప్రశ్న ఎందుకంటే ప్రోగ్రామ్‌కి కావలసింది అయిదు. మూడో బొత్తాన్ని లెక్కలోకి తీసుకునే మౌస్ సిస్టమ్స్ పద్ధతి అది. ఆయనకి ఏదో గుర్తొచ్చి మౌసుని మళ్ళీ బోర్లించారు. కింద వడ్లగింజంత జరుపుడు మీట. ఒక పక్క ఎం.ఎస్., ఒక పక్క పి.సి. అని చెక్కి ఉంది. ఎం.ఎస్. అంటే మైక్రోసాఫ్ట్, పి.సి. అంటే రెండోది. అన్నయ్య తన అవసరానికి దాన్ని ఎం.ఎస్. వైపు జరిపాడు. గోటితో ఇవతలికి జరిపి, ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టాం. మూడో మార్పు.

ఇప్పుడు తెర మీద ప్రతి కట్టకీ ముందు 87 అని పడింది. కంప్యూటర్లు వాడే పదహారు మూలపు లెక్కలో అది 'ఏ బొత్తమూ నొక్కలేదు' అన్నమాట. ఎడమ బొత్తం నొక్కి పట్టుకుంటే 83. మధ్యది నొక్కితే 85. కుడిది నొక్కితే 86. తర్వాత నాలుగు బైట్లు కదలిక. 87, నాలుగు... 87, నాలుగు... ఒక్కటి కూడా తప్పలేదు.

'ఇప్పుడు పైకెళ్ళు' అన్నారు పెదనాన్న.

డోసెము తెరిచాం. నీలం తెర వచ్చింది. ఆయన నన్ను లేపి తాను కుర్చీలో కూచున్నారు. మౌసు మీద చెయ్యి వేశారు. ప్లస్ గుర్తు ఆయన చేతి వెంట నడిచింది. అంత మెత్తగా నా చేతిలో అది ఎప్పుడూ నడవలేదు.

గ్రౌండ్ ఫ్లోర్ ఓన్లీ

1997 ఫైలు తెరుచుకుంది. గదుల పొర ఆపేసి, పునాదుల పొర పైకి తెచ్చారు. పద్నాలుగు పిల్లర్లు, పద్నాలుగు చదరాలు. పక్కన పట్టిక. ముందువైపు పది పిల్లర్ల కింద నాలుగున్నర అడుగుల చదరాలు. వెనక వంటగది, స్నానాలగది వరసలో ఉన్న నాలుగింటి కింద మూడు అడుగులవే. ఊచలు కూడా సన్నవి. ఆ నాలుగింటికీ కలిపి ఒక బాణం గుర్తు, దాని పక్కన ఇంగ్లీషులో ఒక మాట... 'గ్రౌండ్ ఫ్లోర్ ఓన్లీ'.

పెదనాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం ఆవిడ వచ్చి తెర చూశారు. బొమ్మ ఆవిడకి తెలీదు. వెనక వరస గురించి పెదనాన్న చెప్పగానే మాత్రం గుర్తొచ్చింది. '1997లో అక్కడికొచ్చేసరికి డబ్బులు అయిపోయాయండీ. ముందు భాగం మీద పిల్లలు కట్టుకుంటారు, వెనక భాగం మీద ఎప్పటికీ కట్టం, అక్కడ తగ్గించెయ్యండి అన్నారు మావారు' అన్నారు. ఆ మాట ఆవిడకీ పెదనాన్నకీ మాత్రమే తెలుసు. ఇద్దరూ మర్చిపోయారు. పెదనాన్న 'పైకి లేపుకోవచ్చు' అన్నదీ నిజమే, ముందు భాగం వరకు!

మేస్త్రీ అనుకున్న మూడు గదుల్లో ఒకటి, నీళ్ళ ట్యాంకు, సరిగ్గా ఆ నాలుగు పిల్లర్ల మీదే పడేవి.

అయినా పెదనాన్న బొమ్మని కూడా గుడ్డిగా నమ్మనివ్వలేదు. 'గీసింది నేను. కట్టింది వేరేవాళ్ళు' అన్నారు. కొత్తగా పిలిపించిన ఇంజనీరు బయటివైపు నుంచి ఒక వెనక పిల్లరు పక్కన గుంట తీయించి కొలిచాడు. మూడు అడుగులే. ముందువైపు ఒకటి కొలిచాడు. నాలుగున్నర. అప్పుడు లెక్కలు కట్టి, ముందు భాగం మీద మాత్రం ఒక అంతస్తు వెయ్యొచ్చని రాసిచ్చాడు. చిన్నవాడికి మూడు గదులకు బదులు రెండే వచ్చాయి. ఆ అబ్బాయి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. భార్య తరఫువాళ్ళు కూడా ఏదో అన్నారట. గది తగ్గినందుకు బాధ ఉండదా మరి! కానీ ఆ ఇంటి వెనక వంటగదిలోనే ఆవిడ రోజూ ఉదయం అయిదింటికి పొయ్యి వెలిగిస్తారు. పైన ట్యాంకు నీళ్ళ బరువు ఆ సన్నటి ఊచల మీద పెట్టి, కింద ఆవిడని నిలబెట్టే ధైర్యం ఎవరికుంది?

గీత బతకాలంటే

పని అక్కడితో అయిపోలేదు. అదే ప్రోగ్రామ్ మెనూలో బొమ్మని డీఎక్స్ఎఫ్ అనే రూపంలోకి మార్చే వీలుంది. అది 1982లో ఆటోక్యాడ్‌తో పాటు వచ్చిన పద్ధతి. అక్షరాల రూపంలో రాసుకునే బొమ్మ కాబట్టి ఈ రోజుకీ చాలా ప్రోగ్రామ్‌లు చదువుతాయి. ఆ మెనూకి వెళ్ళాలన్నా మౌసే కావాలి గదా! అందుకే అన్నేళ్ళూ ఆ తలుపు తెరుచుకోలేదు. ఇప్పుడు తెరుచుకుంది. పెదనాన్న రోజుకి నాలుగైదు ప్లానుల చొప్పున మార్చుకుంటూ పోయారు. దసరాకి అన్నీ అయ్యాయి. ఎవరి చిరునామా తెలిస్తే వాళ్ళకి కాగితం మీద ఒక కాపీ పంపించారు. చాలామంది ఫోన్ చేసి, 'మా ప్లాను ఇంకా ఉందా!' అని ఆశ్చర్యపోయారు.

ఈ రోజు ఇదే పని చెయ్యాలంటే ఇంకొంచెం కష్టం. కొత్త కంప్యూటర్లకి సీరియల్ పోర్టు ఉండటం అరుదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే తీగ కొనుక్కోవాలి. పాత డోసెము, 386 చిప్పు నాటి నుంచి ప్రాసెసర్లలో ఉన్న ఒక ప్రత్యేక వసతి మీద ఆధారపడి నడిచేది. 64 బిట్ల పద్ధతిలో నడిచేటప్పుడు ఆ వసతి దొరకదు. అందుకని దాని వారసుడు డోసెము2 ఆ పనిని వేరే దారుల్లో చేసుకొస్తోంది. వేషగాళ్ళు మారుతున్నారు, నాటకం నడుస్తోంది. ఎన్నాళ్ళు నడుస్తుందనేది మాత్రం దాన్ని ఊరికే కూచుని బాగుచేస్తున్న కొద్దిమంది ఓపిక మీద ఉంటుంది.

ఆ సైటు పుస్తకం పేజీ నా దగ్గరుంది. పెదనాన్న గుండ్రటి చేతిరాతలో వరసగా... అనుమతి, మడ్డి, జీపీఎం, మీట. నాలుగు మాటలు. ఆఫీసులో ప్రింటరు మొరాయించినప్పుడూ, ఇంట్లో వైఫై పోయినప్పుడూ, నలుగురూ నాలుగు మాటలంటున్నప్పుడు ఆ పేజీ గుర్తొస్తుంది. కింది నుంచి రావాలి, ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి. ముఖ్యంగా, పని చెయ్యని వస్తువు చచ్చిపోయిందనుకునే ముందు దాన్ని వెనక నుంచి ఇంకెవరైనా పట్టుకున్నారేమో చూడాలి.

మీ ఇంటి ప్లాను ఎక్కడుంది? ఇవాళ ఆదివారమే గదా, ఒకసారి అటక ఎక్కి చూడండి. కాగితం దొరికితే ఫోటో తీసి పెట్టుకోండి, పునాదుల పేజీ ముందు తియ్యండి. ఫైలు రూపంలో ఉంటే ఇప్పుడే తెరిచి చూడండి. తెరుచుకుంటే మరో రెండు చోట్ల దాచండి. తెరుచుకోకపోతే, గీసినాయన ఊళ్ళోనే ఉన్నారేమో కనుక్కోండి. ఆయన దగ్గర బిస్కట్ల డబ్బా ఒకటి ఉండొచ్చు.